పిల్లలున్న ఇళ్ళలో తుపాకీ భద్రత - వైద్యుల సలహా

పిల్లలున్న ఇంట్లో తుపాకీ ఉన్నట్లయితే దానిని ఎక్కడ, ఏ విధంగా భద్రపరచాలో వైద్యులు తల్లిదండ్రులకు తెలియజెప్పడం అమెరికా సంయుక్త రాష్ట్రాలలో శిశువైద్యంలో ఒక భాగం. టీకాలు, పోషకాహారం, కారులో పిల్లల సీటు, ఈతకొలను చుట్టూ కంచె మొదలైన విషయాలను అడిగినట్లే ఇంట్లో తుపాకీ ఉన్నదా, దానికి తాళం ఉన్నదా అని కూడా అక్కడి వైద్యులు అడుగుతారు. రోగం రాకముందే తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించే ఈ పద్ధతిని ముందస్తు మార్గదర్శనం అనవచ్చును.

తెలుగు పాఠకులకు ఈ విషయం రెండు కారణాల వల్ల ముఖ్యమైనది. మొదటిది, కాకినాడ వంటి పట్టణాల నుండి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, అక్కడ వైద్యవృత్తిలో ఉన్న తెలుగువారు అనేకులు. రెండవది, ప్రమాదకరమైన వస్తువును పిల్లల చేతికి అందకుండా తాళం వేసి ఉంచాలనే ఈ సూత్రం గోదావరి డెల్టాలోని ఇళ్ళలో ఉండే పురుగుమందుకు, ఎలుకలమందుకు కూడా అంతే వర్తిస్తుంది.

నేపథ్యం

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చబడిన రెండవ సవరణ పౌరులకు ఆయుధాలు కలిగి ఉండే హక్కును ఇచ్చింది. అందువలన అక్కడ వేట కోసం, ఆత్మరక్షణ కోసం, క్రీడ కోసం ఇళ్ళలో తుపాకులు ఉంచుకోవడం సాధారణం. 2015లో జరిగిన ఒక జాతీయ సర్వే ప్రకారం ఆ దేశంలో సుమారు 46 లక్షల మంది పిల్లలు, తూటాలు నింపి తాళం వేయని తుపాకీ కనీసం ఒకటైనా ఉన్న ఇళ్ళలో నివసిస్తున్నారు. 2020 నాటికి 1 నుండి 19 సంవత్సరాల వయస్సు వారి మరణాలకు గల కారణాలలో తుపాకీ గాయాలు రోడ్డు ప్రమాదాలను దాటి మొదటి స్థానానికి చేరినవి.

ఈ మరణాలు మూడు రకాలు: ఇతరులు కాల్చడం వల్ల సంభవించేవి, ఆత్మహత్యలు, పొరపాటున తుపాకీ పేలడం వల్ల కలిగేవి. వీటిలో చివరి రెండు రకాల మరణాలలో తుపాకీ చాలాసార్లు ఆ ఇంటిదో, బంధువుల ఇంటిదో అయి ఉంటుంది. వైద్యుల సలహా ప్రధానంగా ఈ రెండింటినీ తగ్గించడానికి ఉద్దేశించినది.

సలహాలోని ముఖ్యాంశాలు

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే శిశువైద్యుల సంస్థ అభిప్రాయంలో పిల్లలకు అన్నిటికంటె సురక్షితమైనది తుపాకీ లేని ఇల్లు. ఇంట్లో తుపాకీ ఉంచుకోదలచినవారికి వైద్యులు ఈ క్రింది జాగ్రత్తలు చెబుతారు.

* తుపాకీని ఎల్లప్పుడూ తాళం వేసిన పెట్టెలో గాని ఇనుప బీరువాలో గాని ఉంచాలి.
* తుపాకీలో తూటాలు ఉంచరాదు.
* తూటాలకు కూడా తాళం వేయాలి.
* తూటాలను తుపాకీతో కలిపి ఉంచక వేరొక చోట ఉంచాలి.
* తాళంచెవి, తాళం సంఖ్య పిల్లలకు దొరకకుండా, తెలియకుండా ఉండాలి.

పై వాటిలో మొదటి నాలుగు పద్ధతులను 2005లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వెలువడిన ఒక పరిశోధన పరిశీలించింది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి పాటించినా ఆ ఇళ్ళలో పిల్లలు, కౌమారులు తుపాకీ వల్ల ప్రమాదవశాత్తు గాయపడటం, ఆత్మహత్యకు పాల్పడటం తక్కువగా ఉన్నట్లు తేలింది. నాలుగూ కలిపి పాటించమని వైద్యులు చెప్పడానికి ఇది ఒక ఆధారం.

తాళాలు పలు రకాలు. తుపాకీ లోపలి నుండి దూర్చి బిగించే తీగ తాళం చౌకైనది. ట్రిగ్గరు చుట్టూ బిగించే తాళం మరొక రకం. అంకెలతో గాని వేలిముద్రతో గాని తెరుచుకునే చిన్న ఇనుప పెట్టెలు కూడా దొరుకుతాయి. అత్యవసర సమయంలో తుపాకీ వెంటనే చేతికి రాదని తాళానికి వెనుకాడేవారికి వైద్యులు ఈ పెట్టెలను సూచిస్తారు.

తూటాల పట్టీ తీసివేస్తే తుపాకీ ఖాళీ అయినట్లే అనుకోవడం ఒక సాధారణమైన అపోహ. పట్టీతో పనిచేసే పిస్తోళ్ళలో పట్టీ తీసిన తరువాత కూడా గొట్టం మొదట్లోని గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చును. ఖాళీ తుపాకీ అనుకుని ఆడుకుంటుండగా జరిగిన ప్రమాదాలలో కొన్నిటికి కారణం ఈ ఒక్క తూటాయే.

పిల్లలకు చెబితే సరిపోతుందా

పిల్లలకు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాము, ఇక భయం లేదు అని పెద్దలు భావించడం సహజం. పరిశోధనలు ఈ నమ్మకాన్ని బలపరచలేదు. 2001లో ప్రచురింపబడిన ఒక అధ్యయనంలో 8 నుండి 12 సంవత్సరాల బాలురను ఇద్దరు ముగ్గురు చొప్పున 29 జట్లుగా చేసి, పేలకుండా మార్చిన ఒక నిజమైన పిస్తోలు దాచిన గదిలో కొద్దిసేపు విడిచిపెట్టారు. 21 జట్ల బాలురు దానిని కనుగొన్నారు. 16 జట్లవారు చేతితో పట్టుకున్నారు. 10 జట్లలో ఎవరో ఒకరు ట్రిగ్గరు నొక్కారు. దానిని చూసిన బాలురలో దాదాపు సగం మంది అది బొమ్మ అనుకున్నారు, లేదా బొమ్మో నిజమో తేల్చుకోలేకపోయారు. చేతితో పట్టుకున్న వారిలో నూటికి తొంభైమందికి పైగా అంతకు మునుపు తుపాకీ జాగ్రత్తల గురించి విన్నవారే.

పిల్లలకు తుపాకీ ఎక్కడ ఉన్నదో తెలియదని తల్లిదండ్రులు అనుకోవడం కూడా అన్నివేళలా నిజం కాదు. అలబామా రాష్ట్రంలోని గ్రామీణ కుటుంబాలపై జరిగి 2006లో వెలువడిన అధ్యయనంలో, మా పిల్లలకు ఆ చోటు తెలియదని చెప్పిన తల్లిదండ్రులలో 39 శాతం మంది మాటకు వారి పిల్లలు చెప్పినది విరుద్ధంగా ఉన్నది. అటక మీద, బట్టల బీరువాలో, పరుపు క్రింద దాచడం భద్రపరచడం కాదని వైద్యులు చెప్పడానికి ఇదే కారణం.

పసివారి చేతికి ట్రిగ్గరు నొక్కేంత బలం ఉండదనే అభిప్రాయం కూడా సరియైనది కాదు. 1995లో వెలువడిన ఒక పరిశీలనలో 3-4 సంవత్సరాల పిల్లలలో సుమారు నాలుగవ వంతు మందికి, 7-8 సంవత్సరాల వారిలో సుమారు 90 శాతం మందికి అనేక రకాల చేతి తుపాకులను పేల్చగల వేలి బలం ఉన్నట్లు కనుగొన్నారు.

కౌమార వయస్కులు

చిన్నపిల్లల విషయంలో భయం పొరపాటు గురించి అయితే, 13 నుండి 19 సంవత్సరాల వారి విషయంలో అది ఆత్మహత్య గురించి. ఈ వయస్సులో పరీక్షలో తప్పడం, ఇంట్లో తగవు, స్నేహితులతో విడిపోవడం వంటి వాటి వల్ల కలిగే తీవ్రమైన ఆవేశం చాలాసార్లు కొద్దిసేపటికే తగ్గుతుంది. ఆ కొద్దిసేపటిలో ప్రాణాంతకమైన సాధనం దగ్గర ఉన్నదా లేదా అనే దానిపై ప్రాణం ఆధారపడుతుంది. ఇతర విధాలైన అనేక ప్రయత్నాలలో మనిషిని బ్రతికించే అవకాశం ఉంటుంది. తుపాకీతో జరిగే ప్రయత్నాలు నూటికి 85కు పైగా మరణంతో ముగుస్తాయి. ప్రాణాపాయం తప్పినవారిలో అత్యధికులు తరువాత ఆత్మహత్య వల్ల మరణించరు. కనుక ఆ గడియను దాటించడం ప్రధానం.

ఇంట్లో దిగులుతో ఉన్న పిల్ల గాని పిల్లవాడు గాని ఉన్నట్లయితే, తాళం చాలదని, కొంతకాలం తుపాకీని ఇంటి నుండి వేరొక చోటికి తరలించడం మంచిదని వైద్యులు చెబుతారు. ఇటువంటి సమయంలో సహాయం కోసం అమెరికాలో 988 సంఖ్యకు, భారతదేశంలో 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

చరిత్ర

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1930లో స్థాపించబడింది. పిల్లలకు కలిగే గాయాలను నివారించడానికి ఈ సంస్థ 1983లో ఒక కార్యక్రమాన్ని ప్రారంభించింది. తుపాకీ గాయాలపై తన మొదటి విధాన ప్రకటనను 1992లో వెలువరించింది. 1994లో తల్లిదండ్రులతో ఈ విషయం మాట్లాడటానికి వైద్యులకు అవసరమైన సామగ్రిని తయారు చేసింది. పిల్లలను ఆటకు పంపే ముందు ఆ ఇంట్లో తాళం లేని తుపాకీ ఉన్నదా అని అడగమని తల్లిదండ్రులను కోరే ప్రచారం 2000లో మొదలైనది. విధాన ప్రకటన 2012లోను, 2022లోను సవరించబడింది.

పరిశోధనకు మాత్రం చాలాకాలం ప్రభుత్వ ధనం అందలేదు. తుపాకీ నియంత్రణను సమర్థించడానికి వ్యాధి నియంత్రణ సంస్థ నిధులు వాడరాదని 1996లో అమెరికా కాంగ్రెసు విధించిన నిబంధన వలన ఈ రంగంలో పరిశోధన దాదాపు ఆగిపోయింది. 2020 ఆర్థిక సంవత్సరానికి రెండున్నర కోట్ల డాలర్లు కేటాయించడంతో అది మళ్ళీ మొదలైనది.

2018 నవంబరులో వైద్యులు తమ హద్దులో ఉండాలని జాతీయ రైఫిల్ సంఘం వ్యాఖ్యానించింది. తూటా గాయాలకు శస్త్రచికిత్స చేసే వైద్యులు అనేకులు ఇది తమ హద్దులోని విషయమేనని బదులిచ్చారు. కర్ణాటక మూలాలు గల డాక్టర్ వివేక్ మూర్తి అమెరికా సర్జన్ జనరల్‌గా ఉండగా, 2024 జూన్ 25న తుపాకీ హింసను ప్రజారోగ్య సంక్షోభంగా పేర్కొంటూ ఒక సూచనపత్రం విడుదల చేశారు.

ఫ్లోరిడా వివాదం

పిల్లలకు అందేలా తుపాకీని ఉంచిన పెద్దలను శిక్షించే చట్టం మొదటగా చేసిన రాష్ట్రం ఫ్లోరిడా (1989). వైద్యులు తుపాకీ గురించి అడగడాన్ని నియంత్రించే చట్టం కూడా ఆ రాష్ట్రంలోనే వచ్చింది. 2010లో ఒకాలా పట్టణంలో ఒక తల్లి, ఇంట్లో తుపాకీ ఉన్నదా అని శిశువైద్యుడు అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పడానికి నిరాకరించింది. 30 రోజులలో వేరొక వైద్యుని చూసుకోమని ఆయన ఆమెకు చెప్పారు. ఈ సంఘటన తరువాత 2011 జూన్‌లో గవర్నరు రిక్ స్కాట్ ఒక చట్టంపై సంతకం చేశారు. దాని ప్రకారం చికిత్సకు గాని భద్రతకు గాని అవసరమైతే తప్ప వైద్యులు తుపాకీ గురించి అడగరాదు, రికార్డులో వ్రాయరాదు. ఉల్లంఘించిన వైద్యునికి జరిమానా, లైసెన్సు రద్దు వరకు శిక్షలు విధించే వీలు కలిగింది.

తుపాకీ కలిగి ఉండటం రాజ్యాంగబద్ధమైన హక్కు అనీ, దాని గురించి అడగడం ఏకాంతతకు భంగమనీ చట్టాన్ని సమర్థించినవారు వాదించారు. రోగితో ఏమి మాట్లాడాలో ప్రభుత్వం నిర్ణయించడం వాక్‌స్వాతంత్ర్యానికి భంగమని వైద్యులు వాదించారు. ఇరువైపులా తీర్పులు వచ్చిన తరువాత, 2017 ఫిబ్రవరి 16న పదకొండవ సర్క్యూట్ అప్పీళ్ళ న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం, అడగడాన్ని, వ్రాయడాన్ని నిషేధించే భాగాలను కొట్టివేసింది. తుపాకీ ఉన్నదనే కారణంతో రోగి పట్ల వివక్ష చూపరాదనే భాగాన్ని నిలిపింది. ఈ తీర్పు ప్రకారం వైద్యుడు అడగవచ్చును, తల్లి సమాధానం చెప్పకుండా ఉండవచ్చును.

సలహా వలన ఫలితం

వైద్యుడు చెప్పిన నాలుగు మాటల వల్ల ఇంట్లో మార్పు వస్తుందా అనే ప్రశ్నకు పరిశోధనలు స్పష్టమైన తేడాను చూపాయి. కేవలం మాటలతో, కరపత్రాలతో సరిపెట్టిన చోట ఫలితం అంతంతమాత్రం. సలహాతో పాటు వైద్యులు తీగ తాళాలను ఉచితంగా ఇచ్చిన కార్యక్రమంలో, ఆరు నెలల తరువాత తుపాకీని భద్రంగా ఉంచే కుటుంబాల సంఖ్య పెరిగినట్లు 2008లో వెలువడిన అధ్యయనం తెలిపింది. అడిగే తీరు కూడా ముఖ్యమైనది. తప్పు పట్టినట్లుగా అడిగితే తల్లిదండ్రులు నిజం చెప్పరు. అందుకే కొందరు వైద్యులు ఉన్నదా అని అడగకుండా, ఉన్నవారెవరైనా ఇలా ఉంచుకోవాలి అని అందరికీ ఒకే విధంగా చెబుతారు.

తాళం వేయని పెద్దల బాధ్యతను న్యాయస్థానాలు కూడా గుర్తిస్తున్నవి. 2021 నవంబరు 30న మిచిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ పాఠశాలలో 15 ఏళ్ళ విద్యార్థి నలుగురు విద్యార్థులను కాల్చి చంపిన కేసులో అతని తల్లిదండ్రులకు 2024లో 10 నుండి 15 సంవత్సరాల జైలుశిక్ష విధించబడింది.

భారతదేశంలో

భారతదేశంలో ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉండటం నేరం. సాధారణంగా 21 సంవత్సరాలు నిండనివారికి లైసెన్సు ఇవ్వరు. 2019 సవరణతో ఒకరు కలిగి ఉండగల తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గించబడింది. 2016లో వచ్చిన ఆయుధాల నియమాల ప్రకారం దరఖాస్తుదారుడు ఆయుధాన్ని సురక్షితంగా వాడతానని, భద్రపరుస్తానని హామీ ఇవ్వవలసి ఉన్నది. ఎన్నికల సమయంలో లైసెన్సు తుపాకులను పోలీసు ఠాణాలో అప్పగించమని ఆదేశించడం కూడా మనకు పరిచితమైనదే. ఆవేశం చెలరేగగల రోజులలో ఆయుధాన్ని ఇంటి నుండి దూరంగా ఉంచడం దాని ఉద్దేశం. దిగులుగా ఉన్న పిల్లల ఇంటి నుండి తుపాకీని తరలించమని వైద్యులు చెప్పడంలోనూ ఇదే ఆలోచన ఉన్నది.

ఈ కారణాల వల్ల ఆంధ్రప్రదేశ్‌లోని శిశువైద్యులకు ఇంట్లో తుపాకీ గురించి అడిగే అవసరం అరుదు. అయినా మన పిల్లలకు తుపాకీ వంటి వస్తువులు బొత్తిగా ఎదురుపడవని చెప్పలేము. మన్యం ప్రాంతాలలో వేటకు వాడే నాటు తుపాకులు, తీర్థాలలో బుడగలు కొట్టే గాలి తుపాకులు, దీపావళికి రీళ్ళు పెట్టి పేల్చే బొమ్మ తుపాకులు ఇందుకు ఉదాహరణలు. గాలి తుపాకీ గుండు కంటికి తగిలితే చూపు పోవచ్చును. 2025 దీపావళి రోజులలో మధ్యప్రదేశ్‌లో కాల్షియం కార్బైడుతో పేల్చే గొట్టపు తుపాకుల వలన పెద్దసంఖ్యలో పిల్లల కళ్ళు దెబ్బతిన్నవి.

కాకినాడ, గోదావరి డెల్టా

కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958లో స్థాపించబడింది. దీనికి అనుబంధమైన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి డెల్టా గ్రామాల నుండి, మన్యం నుండి రోగులు వస్తారు. వరి, కొబ్బరి, కూరగాయలు పండించే ఈ ప్రాంతంలో తుపాకీ స్థానంలో ఉన్న వస్తువు పురుగుమందు. చేనికి కొట్టగా మిగిలిన మందు డబ్బా వసారాలోనో, పశువుల పాకలోనో, ధాన్యం గదిలోనో ఉంటుంది. చిన్నపిల్లల విషయంలో పొరపాటు, యువతీయువకుల విషయంలో ఆవేశం అనే రెండు ప్రమాదాలూ తుపాకీకి ఉన్నట్లే దీనికీ ఉన్నవి. ప్రపంచంలో జరిగే ఆత్మహత్యలలో 14 నుండి 20 శాతం వరకు పురుగుమందు వల్ల జరుగుతున్నట్లు అంచనా. అత్యంత విషపూరితమైన మందులను నిషేధించిన తరువాత శ్రీలంకలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది.

పిల్లలున్న ఇళ్ళకు ఈ విషయంలో వైద్యులు చెప్పే జాగ్రత్తలు ఇవి.

* పురుగుమందును, కలుపుమందును, ఎలుకలమందును తాళం వేసిన పెట్టెలో, నివసించే గదులకు దూరంగా ఉంచాలి. అవసరమైనంత మాత్రమే కొనాలి.
* మందును గాని, కిరసనాయిలును గాని, స్నానాల గది శుభ్రపరచే యాసిడ్‌ను గాని మంచినీళ్ళ సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో పోయరాదు. దాహంతో వచ్చిన పిల్లవాడు సీసాను చూస్తాడే గాని చీటీ చదవడు.
* ఖాళీ డబ్బాలను ఇంట్లో మరి దేనికీ వాడరాదు.
* పచ్చభాస్వరం గల ఎలుకలమందు ముద్ద కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మొదటి రోజు పిల్లవాడు బాగానే ఉన్నట్లు కనిపించినా ఆసుపత్రికి తీసుకుని వెళ్ళాలి.
* విషం మ్రింగినవారికి ఇంట్లో వాంతి చేయించరాదు. కిరసనాయిలు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. 108కి ఫోను చేసి, మందు డబ్బాను వెంట తీసుకుని వెళ్ళాలి.

వంటగ్యాసు రాకతో ఇళ్ళలో కిరసనాయిలు వాడకం తగ్గి, దానివల్ల కలిగే ప్రమాదాలు కూడా తగ్గాయి. పిల్లల స్వభావం మారలేదు, వస్తువు దూరమైనది. తాళం చేసే పని కూడా ఇదే.

అమెరికాకు వెళ్ళే తెలుగు కుటుంబాలు

రంగరాయ వైద్య కళాశాల పూర్వ విద్యార్థులు ఎందరో అమెరికాలో వైద్యులుగా పనిచేస్తున్నారు. కుమార్తె పురుటికో, మనుమల సంరక్షణకో డెల్టా గ్రామాల నుండి వెళ్ళి నెలల తరబడి అక్కడ ఉండే అమ్మమ్మలు, తాతయ్యలు కూడా ఎక్కువే. వీరికి ఉపయోగపడే విషయాలు కొన్ని ఉన్నవి.

* శిశువైద్యుడు తుపాకీ గురించి అడిగితే అది అనుమానించడం కాదు. అందరినీ అడిగే ప్రశ్నే.
* పిల్లలను ఇరుగుపొరుగు ఇళ్ళకు ఆటకు పంపే ముందు, అక్కడ కుక్క ఉన్నదా, ఈతకొలను ఉన్నదా అని అడిగినట్లే తుపాకీ తాళంలో ఉన్నదా అని కూడా అడగవచ్చును. మొహమాటం వల్ల అడగకపోవడం సరికాదు.
* తుపాకీ కనిపిస్తే ముట్టుకోకుండా, అక్కడ నుండి వెళ్ళి, పెద్దవారికి చెప్పమని పిల్లలకు నేర్పాలి. ఇది తాళానికి తోడే గాని తాళానికి బదులు కాదు.
* స్వయంగా తుపాకీ కొన్నవారు తమ ఇంటికి వచ్చే చుట్టాల పిల్లలను కూడా దృష్టిలో ఉంచుకోవాలి.

ఇల్లు కాలుతుంటే నుయ్యి త్రవ్వినట్లు అనే సామెత తెలుగువారికి క్రొత్త కాదు. తూటా గాయానికైనా, పురుగుమందుకైనా ఆసుపత్రిలో చేయగల చికిత్సకు ఒక హద్దు ఉన్నది. పిల్లవాడు ఆరోగ్యంగా ఉన్నప్పుడే వైద్యుడు ఈ ప్రశ్న అడగడానికి, తల్లిదండ్రులు ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళి తాళం సరిచూసుకోవడానికి కారణం ఇదే.

ఇవి కూడా చూడండి

* కాకినాడ
* రంగరాయ వైద్య కళాశాల
* ఆయుధాల చట్టం, 1959
* శిశువైద్యం
* ప్రథమ చికిత్స